లియోనా చదవకూడని ఫైలు

బాల్టిమోర్ ఓడరేవు పక్కన వకీలు ప్రూయిట్ గారి ఆఫీసులో లియోనా విష్నెవ్‌స్కా పంతొమ్మిదేళ్లు టైపిస్టుగా పనిచేసింది. ఆయన గొలుసుకట్టు రాత ఆమెకు తప్ప ఇంకెవరికీ అర్థమయ్యేది కాదు. ఏ సాక్షి తడబడతాడో, ఎవరిని నమ్మకూడదో, ఆయన మనసులో అనుకున్నదంతా ఆమె చేతుల మీదుగానే కాగితానికెక్కేది. అదే ఆమె గర్వం.

1958లో రేవులో క్రేను ఇనప తాడు తెగి ఒక కూలీ చనిపోయాడు. అతని భార్య తరఫున ప్రూయిట్ ఓడ కంపెనీ మీద దావా వేశారు. ఆ కేసు నోట్సు మాత్రం కొత్తగా చేరిన కోరిన్‌కు ఇచ్చారు. ఇరవై రెండేళ్ల పిల్ల. వాళ్లిద్దరూ తలుపేసుకుని పనిచేస్తుంటే, ఇవతల లియోనా మామూలు ఉత్తరాలు టైపు కొడుతూ కూర్చునేది.

"సాక్షుల గురించి ఏమంటున్నారే?" అని ఒకరోజు భోజనాల దగ్గర కోరిన్‌ను అడిగింది.

"చెప్పొద్దన్నారండీ."

"నాకా? నువ్వు పలక పట్టకముందు నుంచీ ఉన్నాను ఇక్కడ!"

"మీకేనండీ. పేరు పెట్టి మరీ చెప్పారు."

లియోనాకు ఒళ్లంతా కారం రాసినట్టయింది.

ఆ నోట్సు తమకూ చూపించాలని ఓడ కంపెనీ వకీళ్లు కోర్టుకెక్కారు. జడ్జి ఒప్పుకోలేదు. సాక్షుల పేర్లు మీకూ తెలుసు, వెళ్లి వాళ్లనే అడగండి, కేసు కోసం వకీలు రాసుకున్న ఆలోచనలు ఎదుటి పక్షానికి చూపించక్కర్లేదన్నాడు. ఎదుటి పక్షంలో తానూ ఉన్నట్టే అనిపించింది లియోనాకు. మర్నాడు కోరిన్ బయటికి వెళ్లగానే సొరుగు లాగి ఫైలు చదివింది.

మూడో పేజీలో ఉంది: తాడు బాగానే ఉందని సంతకం పెట్టింది ఓడ కంపెనీలో తనిఖీ చేసే లియోనా తమ్ముడు స్టాన్లీ. చూడకుండానే పెట్టాడని ఇద్దరు కూలీలు చెప్పారు. ఆమెను ఈ కేసుకు దూరంగా ఉంచాలి.

తిన్నగా ప్రూయిట్ గదిలోకి వెళ్లింది. "చదివేశాను సార్."

ఆయన కళ్లద్దాలు తీశారు. "తమ్ముడికి చెప్తావా?"

"చెప్పను. కానీ ప్రతి ఆదివారం మా ఇంటికి భోజనానికొస్తాడు. వాడి మొహం ఎలా చూడను?"

"అందుకేనమ్మా నీకివ్వలేదు."

"ఆ ముక్క కోరిన్‌కు చెప్పారు. నాకు చెప్పలేకపోయారా?"



నాలుగు నెలల ఆదివారాలు తమ్ముడికి వడ్డిస్తూ ఫైలు సంగతి ఎత్తలేదు లియోనా. బోనెక్కిన రోజు స్టాన్లీ తప్పు ఒప్పుకున్నాడు. చనిపోయినవాడి భార్యకు పరిహారం వచ్చింది. "నీకు ముందే తెలుసు కదక్కా?" అని వెళ్లిపోయినవాడు రెండేళ్లు గడప తొక్కలేదు.

తర్వాతి కేసు నోట్సు ప్రూయిట్ లియోనా చేతికే ఇచ్చారు. అందులో ఆయన రాత గజిబిజిగా ఉన్నచోటల్లా పెన్సిలుతో, గుండ్రటి అక్షరాల్లో, కోరిన్ అప్పటికే విప్పి రాసిపెట్టింది. ఒక్కటీ తప్పు లేదు. లియోనా రబ్బరు తీసుకుని అన్నీ చెరిపేసి, మొదటినుంచి తానే చదవడం మొదలుపెట్టింది.