బయటి గడియ

పుంగనూరులో సుధారాణి కాపురముండే ఇంటి తలుపుకు లోపలొక గడియ, బయటొక గడియ. లోపలిది దొంగల కోసం, బయటిది కోతుల కోసమట! భర్త మురళీధర్ రోజూ పొద్దున దాణా అంగడికి పోతూ బయటి గడియ పెట్టి పోతాడు. లోపలిది వేసుకుంటే కోతులు రావా అని ఆ ఇంట్లో అడిగిన పాపాన పోయినవాళ్లు లేరు.

సుధారాణి మదనపల్లెలో బి.ఏ. చదివింది. పెళ్లయ్యాక ఇంట్లో కూర్చునే ఎమ్మే కట్టింది, పీహెచ్‌డీ రాసింది. దేని మీద? పాత నవలల్లో గడప దాటిన ఆడవాళ్ల మీద! ఆ పుస్తకాలు తెచ్చిచ్చేది మురళీధరే. ఇచ్చి, గడియ పెట్టి పోయేవాడు. అంగడికొచ్చిన ప్రతివాడితో "మా ఇంటామె డాక్టరేటు చేస్తాండాది" అని గొప్పలొకటి. సిగ్గుండాలి మనిషికి!

ఆ రోజు మధ్యాహ్నం కుప్పం యూనివర్సిటీలో వైవా. తనే కారులో తీసుకుపోతానన్నాడు. తలస్నానం చేసి, చీర కట్టుకుని వచ్చేసరికి మనిషి లేడు. తలుపు లాగితే రాలేదు. ఫోన్ చేసింది.

"లోడొచ్చింది సుధా. ఇంకో రోజు పెట్టుకోమని చెప్పు. అంతమంది మగోళ్ల ముందర నిలబడి చెప్పేదేముండాది? రాసిచ్చినావు కదా, సాలదా?"

"తలుపు తీయండి."

"అమ్మ ఉండాది కదా ఇంట్లో."

"అత్త కూడా లోపలే ఉండాది!"

ఫోన్ పెట్టేశాడు. సుధారాణికి ఒళ్లు మండిపోయింది. వెనక్కి తిరిగితే, అత్త ఈశ్వరమ్మ కింద కూర్చుని అనపకాయలు ఒలుస్తోంది.

"అత్తా, ఈ గడియ ఎప్పటిది?"

"నేను కాపరానికొచ్చిన ఏడు మీ మామ పెట్టించినాడు."

"కోతులకా?"

ఈశ్వరమ్మ చేతులాగాయి. "ఆ పొద్దు ఈడ కోతులు యాడివమ్మా?" అంది మెల్లగా.

ఇక సుధారాణి ఆగలేదు. ఆ ఇంటి ఆడవాళ్ల గొంతు వీధిలో వినపడకూడదని ఇన్నాళ్లూ నోరు మూసుకుని బతికింది. కిటికీ ఊచలు పట్టుకుని వీధంతా అదిరేలా అరిచింది. "మార్తమ్మక్కా! మమ్మల్ని లోపల పెట్టి పోయినాడు, గడియ తియ్యి!"

ఎదురింటి మార్తమ్మ మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. పరుగున వచ్చి గడియ లాగింది. "ఒక్క పొద్దన్నా పిలవలేదే! మీరే పెట్టించుకుంటారేమో అనుకుంటి" అని తల కొట్టుకుంది.

సుధారాణి స్క్రూడ్రైవర్ తెచ్చి గడియ మరమేకుల మీద పడింది. తుప్పు పట్టి ఒక్కటీ కదల్లేదు. కోపానికి కళ్లలో నీళ్లొచ్చాయి.

వెనక నుంచి ఈశ్వరమ్మ, "నువ్వు పో. బస్సు పోతాది. దీని సంగతి నేను సూస్తా" అంది. చేతిలో రోకలి ఉంది.

వైవా ముగిశాక ఓ పెద్దాయన, "బాగా రాశావమ్మా. అయితే ఇవన్నీ పాతకాలం సంగతులు కదా?" అన్నాడు.

"ఈ పొద్దు పొద్దున్నే నన్నింట్లో పెట్టి గడియేసినారు సార్" అంది సుధారాణి.

బయటికి రాగానే ఫోన్ మోగింది. మురళీధర్.

"తలుపు బార్లా తీసుండాది! గడియ ఊడి మెట్ల మింద పడుండాది! అన్నం ల్యా, అమ్మ ల్యా. అమ్మ యాడికి పోయింది?"

"నన్నడుగుతావేం? కోతుల్నడుగు" అని సుధారాణి ఫోన్ పెట్టేసింది.