పత్తి బళ్ల వెనక నాన్న వ్యాను

ఈమధ్య మా వీధి కుర్రాళ్లు మోటారు సైకిళ్ల సైలెన్సర్లు మార్పించుకుని ఢాం ఢామని పేలుస్తూ తిరుగుతున్నారు. అందరూ తిట్టుకుంటూ తలుపులు వేసుకుంటారు గానీ, నాకు మాత్రం ఆ మోత వినగానే ప్లగ్గు విప్పి చూడాలనిపిస్తుంది. డెబ్బైకి దగ్గరపడినా చేతులకు ఆ దురద పోలేదు.

ఎనభైల్లో నేను గుంటూరులో లారీ మెకానిక్కుని, మా నాన్న ఒక మిషను ఆసుపత్రిలో డ్రైవరు. స్వదేశానికి వెళ్లిపోతూ విదేశీ డాక్టరుగారు వదిలేసిన వ్యాను నడపడానికి నాన్న చేతికొచ్చింది. లోపల పడక, పొయ్యి, కిటికీలకు పూల తెరలు, చిన్నపాటి ఇల్లే అనుకోండి. దాని సామాన్లు ఇక్కడ దొరికేవి కావు గనక, గాలి ఫిల్టరు పాడైతే నాన్న తన పాత బనీను చింపి, ఆయిల్లో తడిపి ఆ డబ్బాలో చుట్టేవాడు, వారం వారం తనే ఉతికి మళ్లీ కట్టేవాడు. ఆ గుడ్డను అమ్మను కూడా ముట్టనిచ్చేవాడు కాదు.

నాన్న పోయిన రోజు ఆసుపత్రి వాళ్లు ఆ వ్యానే ఇచ్చారు. అద్దంకి దగ్గర మా ఊళ్లో పొద్దుగూకేలోపు భూస్థాపన జరగాలి. ఎండలు ముదురుతున్న రోజులు, శరీరం ఆగదు. శవపెట్టెను పడక మీద పెట్టి, అమ్మనీ మేనమామనీ ఎక్కించుకుని నేనే నడిపాను. నాకు ఏడుపు రాలేదు, బాధ కూడా తెలియలేదు. చిలకలూరిపేట దాటాక వ్యాను ఢాం ఢామని పేలడం మొదలుపెట్టింది. పత్తి తీస్తున్న ఆడవాళ్లు నడుములెత్తి చూశారు. "ఒరేయ్, బావని మట్టికి తీసుకెళ్తా ఈ బాంబులేందిరా!" అని మామయ్య వెనక నుంచి అరిచాడు. నా బుర్ర మాత్రం లెక్కలో పడింది: మోత కార్బురేటరు వైపు నుంచి కాదు, సైలెన్సరులోనే, అదీ యాక్సిలరేటరు వదిలినప్పుడల్లా. ఆలోచించడానికి అదొకటి దొరికినందుకు హాయిగానే అనిపించింది.

అంతలో ముందు జిన్నింగు మిల్లుకు పోయే పత్తి బళ్ల వరస. రోడ్డు ఇరుకు. సైలెన్సరులోంచి నిప్పురవ్వలు రాలడం చూసి, ఆ నిప్పును మా పత్తి పక్కకు తేవద్దని బండివాళ్లు కర్రలెత్తారు. ఏడాది కష్టం, వాళ్లను తప్పు పట్టలేను. దిగాను. ప్లగ్గులకు కరెంటు పంపే పాయింట్లను అగ్గిపెట్టె గరుకుతో రుద్దాను, వైర్ల వరస చూశాను, అక్కడేమీ లేదు. ప్లగ్గు మాత్రం మసిపట్టి, పెట్రోలుతో తడిసి వచ్చింది. గాలి చాలక, మండని పెట్రోలు సైలెన్సరులోకి పోయి పేలుతోందన్నమాట. ఫిల్టరు డబ్బా మూత తీశాను. నాన్న మంచాన పడ్డ నెలల్లో వ్యానును మిరప కల్లాల ఊళ్లన్నీ తిప్పారు, బనీను ఉతికే దిక్కు లేదు. ఆయిలు ఎప్పుడో ఎండి, గుడ్డంతా ఎర్రగా కారం పట్టేసింది.

లాగి దులపగానే ఆ కారం కళ్లలో కొట్టింది. నీళ్లు ధారలు కట్టాయి. అమ్మ దిగి వచ్చి నా తలను భుజానికి ఆనించుకుని, "ఏడువు నాయనా, పొద్దుటి నుంచీ బిగబట్టుకున్నావు" అంది. తెర సందులోంచి పెట్టె కనబడి బండివాళ్లు తలగుడ్డలు తీశారు. కారమని నేను చెప్పలేదు. గుడ్డ లేకుండా స్టార్టు చేస్తే మోత ఆగింది, బళ్లు జరిగాయి, వేళకు చేరాం. మా వాడు తండ్రి కోసం నడిరోడ్డు మీద వెక్కివెక్కి ఏడ్చాడని అమ్మ చివరిదాకా అందరికీ చెప్పుకునేది.

ఇప్పుడా రోడ్డు వెడల్పయింది, ఎడ్లబళ్లు లేవు, పోయినవాళ్లను చల్లటి పెట్టెలో ఉంచి, చుట్టాలంతా వచ్చేదాకా పక్కన కూర్చుని తీరిగ్గా ఏడ్చుకుంటున్నారు. ఆ తీరిక మాకు దొరకలేదు. మిగతా దుఃఖం తర్వాత వస్తుందేమోనని చాలాకాలం ఎదురుచూశాను. నాన్న కోసం నా కళ్లు తడిసింది ఆ ఒక్క మధ్యాహ్నమే, అదీ కారానికి.