రైలు పట్టా ముక్క ఈసారి ఎవరింట్లో ఉంది

మొదట ఒక తప్పు దిద్దాలి. మొన్న బడి వాకిట్లో జరిగిన సంతాప సభలో మన తల్లిదండ్రుల సంఘం అధ్యక్షుడు లేచి, మా దుకాణపు వదినెను “బడి సామాను పోకుండా కాపాడిన మహాతల్లి” అన్నాడు. మీరంతా చప్పట్లు కొట్టారు. సంతాప సభలో చప్పట్లేమిటో నాకు అర్థం కాలేదు. మా కాలంలో ముక్కు చీదుకునేవాళ్లం. సరే, అది పోనీయండి. ఆమె సామాను కాపాడలేదు. సామాను మీద ఆమెకు అంత ప్రేమ కూడా లేదు. ఆమె కాపాడుకుందామనుకున్నది వేరు. అది ఆమెవల్ల కాలేదు. కాలేదని తెలిసే పోయింది. దినం నాడు పంచే ఈ కాగితంలో నాకు కాస్త చోటిచ్చారు కనుక ఆ సంగతే రాస్తాను.

వదినె పోయింది మంగళవారం పొద్దున. ఎండలు ముదిరిన రోజులు. దుకాణం తెరిచి, వాకిట్లో నీళ్లు చల్లి, గడప మీద కూర్చుంది. ఉప్పుకని పోయిన మా కోడలు “అత్తా, దుకాణపామె పిలిస్తె పలుకుతలేదు” అంటూ ఉత్త చేతులతో పరుగెత్తుకొచ్చింది. నేను పోయేసరికి పక్కన చెంబులో ఇంకా నీళ్లున్నాయి. సగం వాకిలి తడిసి ఉంది, సగం పొడిగా ఉంది. జనగామ దవాఖానకు బండి కడుతున్న మా పాలేరు ఆమె చెయ్యి పట్టుకు చూసి, ఎద్దులను మళ్లీ విప్పేశాడు.

వదినె అంటే మా అన్న భార్య కాదు. తొర్రూరు నుంచి ఈ ఊరికి కోడలై వచ్చింది. మా ఆయనను “అన్నా” అని పిలిచింది. ఆ వరుసన నేను ఆమెకు వదినెను, ఆమె నాకు వదినె. భర్త పోయాక దుకాణం తానే నడిపింది. పిల్లలు లేరు. తల్లిదండ్రుల సంఘంలో పిల్లలు లేని మనిషి ఆమె ఒక్కతే. ప్రతి మీటింగుకు వచ్చే మనిషి కూడా ఆమె ఒక్కతే. ఒకసారి ఒకాయన (పేరు రాయను, ఈ కాగితం ఆయనా చదువుతాడు) అందరి ముందు నవ్వుతూ అన్నాడు:

“అక్కా, నీకు పోరగాళ్లే లేకపాయె. నీకెందుకు గీ పంచాది?”

“నీకు ఇంటి నిండ ఉన్నరు గద తమ్మీ. నువ్వెందుకు రావు మరి?”

ఆయన ఆ తర్వాతి మీటింగుకు వచ్చాడు. మళ్లీ రాలేదు. ఒకసారైనా వచ్చాడు కదా అని వదినె సంబరపడింది.

మన బడి సంగతి కొత్తగా వచ్చిన కోడళ్ల కోసం చెబుతున్నాను. రెండు గదులు, ముందు ఒక వరండా. వాకిట్లో వేపచెట్టు. ఆ చెట్టు కొమ్మకు వేలాడే రైలు పట్టా ముక్కే గంట. రఘునాథపల్లి స్టేషను దాపున లైను మార్చినప్పుడు పనికిరాదని పారేస్తే మనవాళ్లు బండిలో వేసుకొచ్చారు. గదులకు ద్వారబంధాలు ఉండేవి కాని తలుపులు ఉండేవి కావు. చెదలు తిన్నవి తినగా మిగిలినవి ఎవరి పొయ్యిలోకి పోయాయో నేను రాయను.

అరవై తొమ్మిదిలో తెలంగాణ గొడవ లేచినప్పుడు మన బడికి కృష్ణకు అవతలి నుంచి వచ్చిన సారు ఉండేవాడు. చెడ్డవాడు కాదు. కాని పిల్లలు “గట్ల” అంటే “అలా అనాలి” అని దిద్దేవాడు, దిద్ది ఊరుకోక నవ్వేవాడు. ఆ నవ్వు పిల్లలు ఇళ్లకు మోసుకొచ్చేవారు. జనగామలో చదువుకునే పిల్లలు ఒకరోజు గుంపుగా వచ్చి, బడి మూయమన్నారు. వదినె దుకాణంలోంచి లేచి వచ్చింది.

“ఏంది నాయినా, మూయాల్నా? తలుపులు మీరే తెచ్చిన్రా?”

అంత కోపంలోనూ వాళ్లలో ఒకడికి నవ్వొచ్చింది. కాని బడి ఆగిపోయింది. తెలంగాణమంతా ఆగిన కాలం, మన రెండు గదులు ఎంత? సారు పెట్టె సర్దుకుని స్టేషనుకు పోతూ దుకాణం దగ్గర ఆగాడు. నేను అప్పుడు పసుపు కొంటున్నాను.

“అమ్మగారూ, బల్లలూ అవీ ఎవరికి అప్పజెప్పమంటారండీ?”

“ఊరికి అప్పజెప్పి పోండ్రి సారూ. జర నీళ్లు తాగి పోండ్రి.”

ఆయన తాగాడు. చెంబు కింద పెడుతూ, “మళ్లీ వస్తానో రానో” అన్నాడు. రాలేదు. ఆయన కనుమరుగయ్యాక నేను, “మన పిల్లలను అంతగనం నవ్విండు, నువ్వేమో నీళ్లిస్తివి” అన్నాను. “సారుది తప్పే వదినె. బడిది తప్పు కాదు గద” అంది.

ఆ సాయంత్రం ఇంటింటికీ తిరిగి ఒక్కొక్క వస్తువు ఒక్కొక్కరి ఇంట్లో పెట్టించింది. సారు కుర్చీ మా ఇంటికి వచ్చింది. ఆ ఏడంతా మా ఆయన అందులో కూర్చుని నాకు పాఠాలు చెప్పాడు. నేను హన్మకొండలో ఉర్దూలో మెట్రిక్ చదివినదాన్ని, ఆయన నాలుగో తరగతి దాటలేదు. కుర్చీ మహిమ. నల్లబల్ల మీద ఒకరింట్లో వడియాలు పెట్టారు. గ్లోబు సంగతి చెప్పకుండా ఉండలేను. అది పోయిన ఇంట్లో అదేమిటో ఎవరికీ తెలియదు. గుండ్రంగా ఉంది, తిరుగుతోంది, బడి నుంచి వచ్చింది, సరస్వతికి సంబంధించిందే అయి ఉంటుందని దేవుడి అరలో పెట్టారు. శుక్రవారం శుక్రవారం బొట్టు పెట్టారు. గొడవ చల్లారి మళ్లీ బడి మొదలయ్యే రోజుకు ఆఫ్రికా అంతా కుంకుమ.

బడి మొదలవ్వాలంటే ఆ వస్తువులన్నీ వెనక్కి రావాలి. వదినె మళ్లీ గడప గడపా ఎక్కింది. ఆమె మాట ఒక్కటే: “తీస్కపోయినోళ్లే తెచ్చియ్యాలె.” తాను ఒక్క వస్తువు కూడా ముట్టుకోలేదు. కొత్తగా వచ్చిన సారు, మన వైపు మనిషే, ఖాళీ గదిలో నిలబడి చూస్తుండగా కుర్చీ వచ్చింది, బల్ల వచ్చింది, పటాలు వచ్చాయి, బొట్టుతో భూగోళం వచ్చింది. ఒక్కో వస్తువు వెనక ఒక తల్లి, ఒక తండ్రి, వాళ్ల చేయి పట్టుకుని పిల్లలు.

ఆనాడు ఆమెకు ఏదో కంటపడింది. అప్పటి నుంచి ఏటా ఏప్రిల్‌లో బడి చివరి రోజున అదే పద్ధతి. సారు పరీక్ష ఫలితాలు చదివేవాడు. వదినె కుండెడు బెల్లం పానకం తెచ్చేది. పాసైనవాడికీ ఫెయిలైనవాడికీ ఒకటే గ్లాసు. పానకం తాగాక, గదులకు తలుపుల్లేవు కనుక, సెలవులు అయ్యేదాకా ఇళ్లకు సామాను పంపకం. ఎవరికి ఏది అన్నది ఆమెదే నిర్ణయం. నేను చాలా ఏళ్లు అది బరువులు చూసి పంచడమే అనుకున్నాను.

స్టేషను దారిలో ఉండే ఒక రైతు కూతురు మూడో తరగతి అయింది. ఇక చాలు, మేకల వెంట పంపుతామని వాళ్లు అనుకుంటున్నట్టు ఊరంతా తెలుసు. ఆ ఏడు కుర్చీ మా ఇంటికి రాలేదు, వాళ్లింటికి పోయింది. మా ఆయన అలిగాడు. జూన్‌లో బడి తెరిచే రోజు వదినె నన్ను వెంటబెట్టుకుని వాళ్ల వాకిట్లో నిలబడింది.

“ఏందన్నా, సారు కుర్చీల మంచిగ కూసున్నవు. సారు నిలబడి చెప్పాల్నా?”

“నేనే తెత్త తియ్యి చెల్లె, పొద్దుగూకినంక.”

“పొద్దుగూకినంక బడి ఉంటదా? పిల్లతోని పంపు. నేను ముసలిదాన్ని, మోయ.”

అప్పటికి ఆమె ముసలిది కాదు. చక్కెర బస్తా ఒక్కతే జరిపేది. ఆ పిల్ల కుర్చీని నెత్తిన తలకిందులుగా పెట్టుకుని వచ్చింది. కుర్చీ నాలుగు కాళ్లు పైకి లేచి, కింద చిన్న ముఖం. వచ్చిన పిల్లను సారు కూర్చోమన్నాడు. కూర్చుంది. ఐదో తరగతి దాకా కూర్చుంది.

దారిలో నేను, “వదినె, ఇదా నీ లెక్క” అన్నాను. “ఇంట్ల ఉంటె యాదికుంటది వదినె” అంది. అంతే. ఆమె పెద్ద మాటలు మాట్లాడగా నేను వినలేదు.

ఇదంతా ఎప్పుడూ గెలిచిందని రాస్తే ఆమె నవ్వుతుంది. మరో ఏడు మరో పిల్ల పటం చుట్ట చంకన పెట్టుకొచ్చి సారుకు ఇచ్చి, వచ్చిన దారినే పోయి, మరునాడు చేన్లో విత్తనాలు పెడుతూ కనిపించింది. వదినె గట్టు మీద నిలబడి చూసింది, పిలవలేదు. ఇంకో ఏడు ఇంకో పిల్లాడు. అటువంటివే ఎక్కువ. నిలిచినవి నేను వేళ్ల మీద చెప్పగలను కనుకే మీకు చెబుతున్నాను.

ఇప్పుడు తలుపు సంగతి. బడికి తలుపులు పెట్టించాలని మీటింగులో ప్రతిపాదన వచ్చినప్పుడు వద్దన్నది ఎవరో మీకు గుర్తుందా? సామాను కాపాడిన మహాతల్లే.

“తలుపు వెడితె మీరెవరొస్తరు?” అంది.

ఎవరికీ అర్థం కాలేదు. చాదస్తం అన్నారు. ఇప్పటి అధ్యక్షుడు పట్టుబట్టి, తిరిగి, ఇనుప తలుపులు తెప్పించాడు. మంచి తలుపులు, కాదనను. తాళం కూడా గట్టిది. ఆ తలుపులు వచ్చిన ఏడే జనగామలో ఇంగ్లీషు బడికి పోయే పిల్లలు పొద్దుటి బస్సెక్కడం మొదలైంది. మా మనవడు కూడా ఆ బస్సులోనే ఉన్నాడు. నేను మాట్లాడితే నా కొడుకు వింటాడని మీరు అనుకుంటే, మీకు కొడుకులు లేరన్నమాట.

మొన్న ఏప్రిల్‌లో చివరి రోజున వదినె ఎప్పటిలాగే కుండెడు పానకం తెచ్చింది. సారు ఫలితాలు చదవడం చెంబు నింపేలోపు అయిపోయింది. వచ్చిన తల్లులు ఇద్దరు. వాళ్లు కూడా, “తలుపులు వచ్చినయి గదనే అవ్వా, ఇంక మోసుడెందుకు” అని గ్లాసులు కింద పెట్టి పోయారు. సారు గదికి తాళం వేసి, చెవి జేబులో వేసుకుని మెల్లగా అన్నాడు:

“నాకు బదిలీ అయితదట అమ్మా. జూన్ల పిల్లలు రాకుంటె పక్కూరి బడిల కలుపుతరట.”

 మిగిలిన పానకం ఏం చేయాలో తెలియక నేనూ వదినె ఇద్దరం వేపచెట్టు మొదట్లో పోశాము. చీమలు మాత్రం తప్పకుండా వచ్చాయి.

గది లోపలిదంతా తాళంలో ఉంది. బయట మిగిలింది కొమ్మకు వేలాడే రైలు పట్టా ముక్క ఒక్కటే. ఏటా దాన్ని ఎవరికో ఒకరికి అంటగట్టేది. ఆ రోజు చుట్టూ చూసింది. నేనొక్కదాన్నే ఉన్నాను, నా మోకాళ్ల సంగతి ఆమెకు తెలుసు.

“గిది నేనే తీస్కపోత” అంది.

ఇన్నేళ్లలో ఆమె ఒక్క వస్తువైనా తన ఇంటికి తీసుకుపోవడం నేను చూడలేదు. సారు సాయం పట్టి గోనెలో చుట్టి దుకాణం దాకా మోశాడు. గడప దగ్గర వదినె నా వైపు తిరిగి అంది:

“అందర్ని నేనడిగేదాన్ని. జూన్ల నన్నెవరు అడుగుతరు వదినె?”

“నేనడుగుత తియ్యి.”

“అడుగు. మరువకు. నేను తొందరగ ఇయ్య, నాలుగు మాటలు అను.”

నాలుగు మాటలు అనడంలో నాకు ఈ ఊళ్లో పేరుంది. ఏ మాటలు అనాలో కూడా అనుకుని పెట్టుకున్నాను. అడిగించుకోవలసిన మనిషి జూన్ రాకముందే పోయింది. బడి తెరుస్తారని నాకు నమ్మకం లేదు. తెరిచినా మీ పిల్లలు పొద్దుటి బస్సులోనే ఉంటారు. ఆ కొమ్మ కింద నిలబడే పిల్లలు ఎవరో నాకు కనబడటం లేదు. అయినా తీసుకుపోయినవాళ్లు తెచ్చివ్వాలి. ఆమె తేలేదు కనుక ఆమె తరఫున ఎవరైనా తేవాలి.

కనుక చిన్న పని. వదినె తమ్ముడు తొర్రూరు నుంచి వచ్చి దుకాణానికి తాళం వేసి చెవి నాకిచ్చి పోయాడు. నెలాఖరుకు సామాను దించేసి ఇల్లు ఖాళీ చేస్తాడు. ఆలోపు మీలో ఇద్దరు, ఒక్కరివల్ల కాదు, మా ఇంటికి వచ్చి చెవి తీసుకోండి. ఉప్పు బస్తాల వెనక, గోడ వైపు, గోనెలో ఉంది. పాత తాడు చివికిపోయింది, మా బావి మోకు ఇస్తాను. వేపకొమ్మకు ఉన్న కొండి బెరడులోకి దిగబడిపోయింది, కొడవలి మొనతో చుట్టూ కాస్త గీకితే తాడు దూరుతుంది. మిగిలిన మోకు కోసి నాకు తెచ్చివ్వండి, రేపు నీళ్లు తోడుకోవాలి. ముడి వేసేటప్పుడు ఒకటి చూడండి. చెట్టు కింద ఒక బండ ఉంది, గంట కొట్టే పిల్లలు దాని మీద నిలబడేవారు. మీ ఎత్తుకు కట్టకండి. ఆ బండ మీద మూడో తరగతి పిల్ల నిలబడితే చెయ్యి అందాలి, అంత కిందికి కట్టండి. కట్టి, కొట్టకుండా వచ్చేయండి.