పాన్ చేతికిచ్చారు, అన్న పని మానేశాడు

హైదరాబాదు ఇంకా వేరే రాష్ట్రంగా ఉన్న రోజులవి. చార్మినార్ దగ్గర ముత్యాల సేఠ్ దుకాణం పైన ఒక గది ఉండేది. ముత్యాలు, గాజులు, బట్టలు అమ్మే ముగ్గురు పెద్దలు గురువారం మధ్యాహ్నాలు అక్కడ కూర్చుని, కొత్తగా కార్ఖానా పెట్టాలనుకునేవాళ్ళ మాట వినేవారు. నచ్చితే తలా కొంత వేసి మెషీను కొనిపెట్టి, లాభంలో వాటా తీసుకునేవారు.

నా ఆలోచన గాజులకు అట్టపెట్టెలు. పాత పేపర్లో చుట్టిన గాజులు బండి మీద సగం దారికే పగిలేవి. మా అన్న ఒక ప్రెస్సులో అట్టలు కోసేవాడు. పనితనం అతనిది, నోరు నాది. అందుకే నేను వెళ్ళాను.

"ఎంతవరకు చదివినవ్?" అన్నాడు ముత్యాల సేఠ్.

"నాలుగు, సాబ్. అయిదో క్లాసు నన్ను చూసి తలుపేసుకుంది."

ముగ్గురూ పడిపడి నవ్వారు. అలాంటివే ఇంకో నాలుగు విసిరాను. గాజుల సేఠ్ కళ్ళు తుడుచుకుంటూ, "పెట్టెలు కొంటమని ఎవరన్న అన్నరా? పది దుకాండ్లు తిరుగు. అడిగినంక రా" అన్నాడు. వెంటనే వెండి పళ్ళెంలో పాన్ వచ్చింది. రెండు చేతులా తీసుకుని కళ్ళకద్దుకున్నాను. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

మా నాయన గుడిలో సన్నాయి వాయించేవాడు. పెళ్ళిమేళమైనా, ఊరేగింపైనా ఆకూ వక్కా చేతికొస్తేనే మా ఇంట్లో మాట ఖాయం. యాకుత్‌పురాలో మా ఇంటికి దాదాపు పరుగెత్తాను.

"పాన్ ఇచ్చిండ్రా?" అన్నాడు అన్న.

"వెండి పళ్ళెంల, అన్నా!"

మర్నాడే అన్న ప్రెస్సులో పని మానేశాడు.

మరుసటి గురువారం మెషీను ఎప్పుడొస్తుందని అడగబోతే, మెట్ల దగ్గరే సేఠ్ లెక్కలు రాసే మున్షీ ఆపాడు.

"ఏ మెషీన్ భాయ్?"

"పాన్ ఇచ్చిండ్రు గదా!"

"అరె, ఇక లేచి పొమ్మని ఇచ్చిండ్రు. నువ్వు ముచ్చట ఆపకపోతివి, వాళ్ళకు నమాజ్ యాళ్ళాయె. దుకాండ్లు తిరిగినవా మరి?"

తిరగలేదు. ఒక్క దుకాణం కూడా. వారమంతా కార్ఖానాకు పేరు ఆలోచిస్తూ గడిపాను. ఆ రోజే పరుగున తిరిగాను. పేపరు ఊరికే వస్తుంటే పెట్టె ఎవడు కొంటాడన్నారు అందరూ.

అన్న ప్రెస్సుకు మళ్ళీ వెళ్ళాడు. అతని కత్తి దగ్గర ఇంకొకడు నిలబడి ఉన్నాడట. చేసేది లేక స్టేషనులో మూటలు మోయడానికి కుదిరాడు. అట్ట మీద గీత గీయకుండా సూటిగా కోసే చేతులు.

నన్నొక్క మాట అనలేదు. అంటే బదులైనా చెప్పేవాణ్ణి. సాయంత్రాలు వదిన అతని భుజాలకు నూనె రాస్తుంటే, "ఏమన్న నవ్వొచ్చే ముచ్చట చెప్పురా" అనేవాడు. చెప్పేవాణ్ణి. అన్న నవ్వేవాడు. వదిన తల ఎత్తేది కాదు.