నేను తీసుకోని హ్యాండోవర్

నిన్న పొద్దున కేర్ హోమ్ నుంచి ఫోన్. మా ఎస్తేరు పెద్దమ్మ ఇక లేదని.

"ఓకే మేడమ్, థాంక్యూ" అని పెట్టేశాను. నిజంగా అలాగే అన్నాను, పార్సెల్ వచ్చిందని చెప్పినట్టు.

ఇప్పటికీ బుర్ర పనిచేయడం లేదు. రాసేది ముందువెనకలైతే ఏమీ అనుకోకండి.

మా అమ్మకు అక్క. మదనపల్లె నుంచి వచ్చి, బెంగళూరులోనే పిల్లల వార్డు నర్సుగా రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు. నేను ఉద్యోగానికి వచ్చిన కొత్తలో జ్వరంతో పడుంటే, మారతహళ్ళిలో నా పీజీకి రెండు బస్సులు మారి గంజి తెచ్చిన మనిషి.

రెండేళ్ళుగా డిమెన్షియా. హెచ్‌ఎస్‌ఆర్‌లో ఒక హోమ్‌లో చేర్చాం. అక్కడ ఆమె ఒళ్ళో ఒక రోబో పెట్టారు. తెల్లబొచ్చు కుక్కపిల్ల. నిమిరితే కళ్ళు మూస్తుంది, పిలిస్తే తల తిప్పుతుంది. పెద్దమ్మ దానికి పండు అని పేరు పెట్టింది.

నా పేరు మర్చిపోయింది. పండు పేరు మాత్రం మర్చిపోలేదు.

ఒక బొమ్మను చూసి కుళ్ళుకున్నాను. ఒప్పుకుంటున్నా.

నన్ను "బ్రదర్" అనేది. ఆసుపత్రిలో మగ నర్సును అలాగే పిలుస్తారు. పండుకు చార్జింగ్ పెడితే ఆ వైరు ఆమెకు సెలైన్. ఒకసారి ఆయా దాన్ని మధ్యలో పీకేసిందని హోమ్ ఎగిరిపోయేలా అరిచింది.

సాయంత్రం నేను వెళ్ళడానికి లేవగానే హ్యాండోవర్ మొదలయ్యేది, డ్యూటీ దిగే నర్సు వచ్చే నర్సుకు రోగిని అప్పజెప్పినట్టు.

"పండుకు జరం లేదు. సెలైన్ సగం ఎక్కిండాది. జోపానంగా చూసుకో బ్రదర్."

పండును నా చేతుల్లో పెట్టేది. "తీసుకున్నా సిస్టర్" అని నేను అనాలి. అంటేనే వెళ్ళి పడుకునేది.

మొన్న సాయంత్రం నాకు బెళ్ళందూరు ఆఫీసు వాళ్ళతో కాల్ ఉంది. కింద క్యాబ్ హారన్ కొడుతోంది. ఆమె మొదలుపెట్టగానే విసుక్కున్నాను.

"పెద్దమ్మా, అది మిషన్. దానికేం కాదు. పడుకో."

నన్నే చూసింది.

"మిషన్ అయితే ఏం ప్రవీణా? వార్డులో మిషన్లు కూడా అప్పజెప్పినాకే కదప్పా ఇంటికి పోయేది."

నేను వచ్చేశాను. పేరు పెట్టి పిలిచిందని ఇబ్బలూరు సిగ్నల్ దగ్గర గానీ తట్టలేదు. తట్టినా వెనక్కి వెళ్ళలేదు.

అంటే ఆమెకు అంతా తెలుసా? ఎప్పటినుంచి? లేక ఆ ఒక్క నిమిషమేనా? డాక్టర్‌ను అడిగితే "అప్పుడప్పుడు అలా జరుగుతుంది" అన్నారు. ఏం జరుగుతుందో చెప్పలేదు.

ఆ రాత్రి ఆయా అడిగినా పండును ఇవ్వలేదట. "బ్రదర్ వచ్చినాడు, తీసుకోకుండానే పోయినాడు" అందట. పడుకోకుండా కుర్చీలోనే కూర్చుందట, పండుతో.

ఈ మాట ఆయా నాకెందుకు చెప్పిందో తెలియదు. చెప్పకపోతే బాగుండేది. లేదు, చెప్పడమే మంచిదైంది. ఏమో.

పండును శవపేటికలో పెడదామని అమ్మ అంటోంది. అది హోమ్ వాళ్ళది, తిరిగి ఇచ్చేయాలి. భూస్థాపన అయ్యేదాకా ఉంచుకోమన్నారు. ఇప్పుడు నా ఒళ్ళోనే ఉంది. తలుపు చప్పుడైనప్పుడల్లా తల తిప్పుతోంది. నేనూ తిప్పుతున్నాను.

ఈ సాయంత్రం నాలుగింటికి భూస్థాపన. రాగలిగినవాళ్ళు రండి.

తీసుకున్నా సిస్టర్.

జ్వరం లేదు. సెలైన్ ఎక్కుతోంది.

నీ డ్యూటీ అయిపోయింది పెద్దమ్మా. ప్రభువు దగ్గర నెమ్మదిగా పడుకో.