తోడల్లుళ్ళ గడియారాలు

మొన్న మా మచ్చ బొల్లారం కాలనీ వాట్సాప్ గుంపులో ఎవరో ఒక వీడియో పెట్టారు. యాప్రాల్ ఫంక్షన్ హాలులో ఒకప్పటి మా యజమానికి సన్మానం. భుజాన శాలువా, మెడలో నడుము దాకా వేలాడే దండ, వెనక తెర మీద "కొలత పరికరాలకు ఏకకాలం నేర్పిన మేధావి" అని బంగారు రంగు అక్షరాలు. చిక్కుడుకాయల పళ్ళెం పక్కన పెట్టి మళ్ళీ చూశాను. నవ్వు రాలేదు, ఏవగింపు వచ్చింది. ఇన్నేళ్ళయినా అది కాస్తయినా పలచబడలేదని తెలిసి నాకే ఆశ్చర్యం వేసింది.

నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో మేడ్చల్ పారిశ్రామికవాడలో రేకుల షెడ్లలో నడిచే చిన్న చిన్న కంపెనీలు ఎన్నో ఉండేవి. డిప్లొమా చేతికొచ్చిన కొత్తలో నేను చేరింది అలాంటిదే. దాన్ని పెట్టిన పెద్దాయన మంచివాడు, పనిమంతుడు. ఆయన చేసిన తప్పల్లా పోతూ పోతూ కంపెనీని ఇద్దరల్లుళ్ళకూ చెరిసగం రాయడమే. కర్మకాండలు ముగిసిన వారానికే షెడ్డు మధ్య ప్లైవుడ్ గోడ లేచింది. అటు పెద్దల్లుడు, మే నెల ఎండలో కూడా కోటు విప్పని మనిషి. ఇటు చిన్నల్లుడు, విదేశీ కంపెనీల పుస్తకాల్లోని మాటలు బట్టీపట్టి వచ్చినవాళ్ళకల్లా అప్పజెప్పే మనిషి. పని మాత్రం ఇద్దరికీ రాదు. గోడ ఆగిపోయిన చోట పరికరాలు పరీక్షించే నా బల్ల ఉండేది కనుక ఇద్దరి సరుకూ, ఇద్దరి చాడీలూ నా దగ్గరికే వచ్చేవి.

మా పరికరం భూమిలో నీళ్ళ గొట్టం ఎక్కడ పగిలిందో చెప్పేది. పగులు దగ్గర నీళ్ళు చిమ్మే చప్పుడు గొట్టం వెంట రెండు వైపులా పోతుంది. రెండు చివర్లా రెండు డబ్బాలు పెట్టి వింటే, ఎటువైపు ఎంత ముందుగా వినబడిందన్న దాన్నిబట్టి చోటు లెక్కకట్టవచ్చు. డబ్బాల లోపలి గడియారాలు రెండూ కలిసి నడవాలి, కిటుకంతా అక్కడే ఉంది. రెప్పపాటులో పదోవంతు తేడా వచ్చినా చోటు ఎన్నో గజాలు జరిగిపోతుంది. ఒక డబ్బా పెద్దల్లుడి వైపు తయారయ్యేది, రెండోది చిన్నల్లుడి వైపు, ఎవరి గడియారం వారిది. పాటకు వేసినట్టు ఒకటి తాళం వేస్తే రెండోది దాన్ని అనుసరించాలి, లేకపోతే లాభం లేదని నేను మొత్తుకున్నప్పుడల్లా, అనుసరించేది ఎవరిదన్న దగ్గరే మాట ఆగిపోయేది.

"నేను పెద్దల్లుణ్ణి. నా డబ్బా పోయి ఆయన డబ్బా ఎనక నడుస్తదా?" అని ఒకాయన.

"వదినె మొగుడని బువ్వ కాడ ముందు కూసుండవెడ్తున్నం, సాలదా?" అని ఇంకొకాయన.

చివరికి పొద్దున్నే నా బల్ల మీద రెండు గడియారాలనూ కలిపి వ్యానెక్కించడం, ఇక అవే కలిసి ఉంటాయనుకోవడం. మేడ్చల్‌లో కలిపినవి శామీర్‌పేట చేరేసరికి ఎవరి దారిన అవి పోయేవి.

శామీర్‌పేట దగ్గర ఒక ఫ్యాక్టరీ వాళ్ళ నీళ్ళ గొట్టం, మేం చాచా అని పిలిచే ఒక ముస్లిం రైతు పొలం కింది నుంచి పోయేది. చాచా, ఆయన భార్య చాచీ ఆకుకూరలు పండించి సంతలో అమ్ముకునేవారు. ఫ్యాక్టరీ వాళ్ళు పగులు వెతకమని మమ్మల్ని పిలిచారు. మొదటిసారి డబ్బాలు పాలకూర మడిని చూపించాయి. తవ్వితే పొడి మట్టి. ఇంకోరోజు పోతే కొత్తిమీర మడిని చూపించాయి. అక్కడా అంతే. తోడల్లుళ్ళు ఇద్దరూ తప్పు అవతలివాడి డబ్బాదని తేల్చుకుని హాయిగా ఇళ్ళకు పోయారు. గోతులు అలాగే ఉండిపోయాయి.

మూడోసారి పరికరం తెర మీద చోటు చూపే గీత పొలం మూలకు, సున్నం వేసిన చిన్న గద్దె మీదికి పోయి ఆగింది. అది చాచా తల్లి సమాధి. కూలీలు గునపాలు పట్టుకుని మా మొహాలు చూశారు. చాచా వచ్చి గద్దెకు అడ్డంగా నిలబడ్డాడు. యజమానుల వంక చూడకుండా నాతో అన్నాడు.

"బేటీ, పాలకూర తవ్విండ్రు, ఏమనలే. కొత్మీర తవ్విండ్రు, ఏమనలే. గిది మా అమ్మీ ఖబర్. గీడ గునపం వడాలంటే ముందుగాల నా మీదనే వడాలె."

"మిషన్ అబద్ధం చెప్తదా? పక్కపొంటి తవ్వుదాం, ఏం కాదు" అన్నాడు పెద్దల్లుడు. చిన్నల్లుడు తల ఊపాడు. ఏళ్ళ తరబడి ఒక్క మాట మీద నిలబడని ఆ ఇద్దరూ ఎవరి తల్లి సమాధో తవ్వడానికి మాత్రం ఒక్కటైపోయారు. ఆ క్షణంలో వాళ్ళ మీద నాకున్న గౌరవం, భయం, జీతం ఇస్తున్నారన్న మొహమాటం అన్నీ ఒక్కసారే రాలిపోయాయి.

"సార్, గునపం దించితే నేనే పోయి ఫ్యాక్టరోళ్ళకు చెప్త, మీ రెండు డబ్బాలకు పొంతన లేదని" అన్నాను. ఆ పొద్దున ఎవరినీ అడక్కుండా తీగ చుట్టనూ, గడియారాలు కలపడానికి నా బల్ల మీద ఉండే తాళం పెట్టెనూ వ్యానులో వేసుకొచ్చాను, ఇప్పుడు వాటిని దించాను. సమంగా టిక్కుటిక్కుమనడం తప్ప ఇంకేమీ రాని చిన్న పెట్టె అది.

"ఎవరి డబ్బా ముందు?" అన్నారు ఇద్దరూ.

"ఎవరిదీ కాదు సార్. రెండూ దీని ఎనకనే."

ఆ ఇద్దరినీ సమానంగా అవమానించగలిగినందుకు కలిగిన తృప్తి ఇప్పటికీ నాలో ఉంది. చాచీ కొంగు బిగించి, తీగకు అవతలి కొస పట్టుకుని, ముళ్ళకు చిక్కకుండా తీగను ఎత్తి పట్టుకుంటూ గట్టు వెంట నాతో నడిచింది. తీగను రెండు డబ్బాలకూ కలిపి పెట్టె మొదలుపెట్టాక, అంతదాకా ఒకదాన్నొకటి దాటిపోతూ ఉన్న రెండు గడియారాల అలలూ తెర మీద మెల్లగా పక్కపక్కకు వచ్చి కదలకుండా నిలిచిపోయాయి. నా ఒళ్ళు జలదరించింది. గీత సమాధిని వదిలి, మడులన్నీ దాటి, పొలం బయట రోడ్డు వార తుమ్మకంప కిందికి పోయింది. అక్కడ తవ్వితే నీళ్ళు ఎగజిమ్మాయి. కూలీలు గునపాలు వ్యానులో పడేసేదాకా చాచా గద్దె దగ్గర నుంచి కదలలేదు.

క్షమించమని ఆయనతో ఒక్క మాట అనలేదు మావాళ్ళు. గోతుల సంగతి ఎత్తితే, "ఆయనకు పొలం పని కొత్తనా?" అన్నాడు పెద్దల్లుడు. ఆదివారం నేనూ మా నాయినా పార పట్టుకుని వెళ్ళాం. చాచా మా నాయిన చేతిలోంచి పార లాక్కుని, ముందు చాయ్ తాగించి, ఆ తర్వాతే గోతులు పూడ్చనిచ్చాడు. తాళం పెట్టె ఆలోచన తనదంటే తనదని తోడల్లుళ్ళు కొట్టుకుని కొన్నాళ్ళకు కంపెనీయే మూసేశారు. చిన్నల్లుడు పోయాడు కనుక ఇప్పుడు శాలువా పెద్దల్లుడి భుజానికి వచ్చింది.

ఈనాటి పరికరాలు ఆకాశంలోని ఉపగ్రహాల నుంచి కాలం అందుకుంటాయి. ఎవరి వెనక ఎవరు నడవాలన్న పేచీయే లేదు. అదొక పేచీ అని కూడా కొత్త పిల్లలకు తెలియదు, మంచిదే. రెండు అలలు ఒక్కటైనప్పుడు ఒళ్ళు జలదరించడం కూడా వాళ్ళకు తెలియదేమో, అదొక్కటే దిగులు. చాచా అన్నదమ్ములు పొలం పంచుకుని అమ్మేశారు. గోడలు లేచాయి, గేటు లేచింది, లోపల ఒకే అచ్చులో పోసినట్టు విల్లాలు. సమాధిని ముట్టబోమని మాట తీసుకున్నాక గానీ చాచా ఒప్పుకోలేదట. అది ఇప్పుడు పిల్లల ఉయ్యాలల పక్కన ఉంది. చాచీ లేదు. పోయిన ఈద్‌కు సమాధి దగ్గరికి ఆయనకు తోడుగా నేను వెళ్ళాను. కొత్తగా చేరిన వాచ్‌మన్ గేటు దగ్గర ఆపాడు.

"ఎవలింటికి తాతా?"

"మా అమ్మీ తానకు, బేటా" అన్నాడు చాచా.

వాచ్‌మన్ ఫోను తీసి, అది ఏ విల్లానో వెతకడం మొదలుపెట్టాడు.