లేచినకాడ్నుంచి అడుగమ్మా

మొన్న వైట్‌ఫీల్డ్ వైపు వెళ్ళే మెట్రోలో తడి సిమెంటు వాసన వచ్చి నా పక్కన నిలబడింది. తిరిగి చూస్తే నలభై ఏళ్ళావిడ, చీర మీద మగవాళ్ళ చొక్కా తొడుక్కుని, చేతిలో ప్లాస్టిక్ బుట్టతో ఉంది. ఎదురుగా సీటు ఖాళీగా ఉంటే కూర్చోమన్నాను. "బట్టలకు మట్టుండాదక్కా" అని నవ్వి తలుపు వైపే జరిగింది. ఏసీ చలిలో ఆ వాసన ముక్కుకు తగలగానే మునివెంకటప్పగారు గుర్తుకొచ్చారు. ఆయన పోయి పదిహేనేళ్ళవుతోంది. ఈ మెట్రో కోసం ఊరంతా కాళ్ళరిగేలా తిరిగిన మనిషి, ఒక్కసారి కూడా దాన్ని ఎక్కకుండానే వెళ్ళిపోయారు.

మెట్రో ఇంకా కాగితాల మీదే ఉన్న రోజులవి. రెండువేల సంవత్సరం దాటి రెండు మూడేళ్ళయింది. నేను హిందూపురంలో డిగ్రీ పూర్తి చేసి, మారతహళ్ళిలో మా పిన్ని వాళ్ళింట్లో దిగాను. ఆరు నెలల్లో ఉద్యోగం దొరక్కపోతే తిరిగొచ్చేయాలని నాన్న షరతు. ఒకసారి వెనక్కి వెళ్తే మళ్ళీ ఇల్లు కదలనివ్వరని నాకు తెలుసు. అయిదో నెలలో ఒక సర్వే ఆఫీసులో పని దొరికింది. ఇంటింటికీ వెళ్ళి, ఆ ఇంట్లో ఎవరు రోజూ ఎక్కడికి, దేనిమీద వెళ్తున్నారో ఫారాల్లో రాసుకురావాలి. ఏ దారిలో రైలు వేస్తే ఎందరికి పనికొస్తుందో తేల్చడానికట. మూడు నెలల పని. బాగా చేసినవాళ్ళను ఆ తర్వాత ఉద్యోగంలో ఉంచుకుంటామన్నారు. నా ఆశంతా ఆ ఒక్క మాట మీదే.

మా సూపర్‌వైజరు మునివెంకటప్పగారు. నగరత్‌పేటలో తరాలుగా స్థిరపడ్డ తెలుగు నేతవారి కుటుంబం. తండ్రి మగ్గం నేస్తే, ఈయన బస్సు డిపోలో టైమ్‌కీపరుగా చేసి రిటైరయ్యారు. పొట్టి మనిషి. ఎండాకాలంలో కూడా స్వెటర్ విప్పేవారు కాదు. గొంతు పెంచడమంటే ఏమిటో తెలియదు. నాలుగు తిట్లు తిట్టే మనిషైతే నా బతుకు ఎంతో సుఖంగా ఉండేది.

మొదటి వారంలో బ్రూక్‌ఫీల్డ్‌లో ఒక ఇల్లాలు "నేనెక్కడికీ వెళ్ళనండీ, ఇంట్లోనే ఉంటాను" అంది. నేను సున్నా రాసి లేవబోయాను. ఆయన నన్ను ఆపి, ఆమెనే అడిగారు. "పొద్దున్నే ఎన్నింటికి లేస్తావు తల్లీ? లేచినంక?" ఆమె చెప్పడం మొదలుపెట్టింది. పాలకు వీధి చివరి బూత్, పిల్లవాణ్ణి ఎక్కించడానికి వ్యాను దగ్గరికి, కూరగాయలకు, మామగారి మందులకు బస్సులో ఆస్పత్రికి, మళ్ళీ వ్యాను దగ్గరికి. వింటున్న నేను సున్నాను కొట్టేసి రాసుకుంటూ పోయాను. బయటికొచ్చాక ఆయన అన్నది ఇంతే. "యాడికి పోతారంటే ఎవురూ చెప్పరు. ఊరికి పోతేనే పోయినట్ల అనుకుంటారు. లేచినకాడ్నుంచి అడుగమ్మా."

సరేనన్నాను. అర్థమైందనే అనుకున్నాను కూడా.

రెండో నెలలో నాకు రింగ్ రోడ్డు వెనక రేకుల షెడ్లు వచ్చాయి. పాలమూరు నుంచి, మా అనంతపురం నుంచి వలస వచ్చి, లేస్తున్న అపార్ట్‌మెంట్లలో కూలి చేసేవాళ్ళుండేవారు. ఆరోజు ఒకటే వాన. వెళ్ళేసరికి సగం షెడ్లకు తాళాలు. మోకాళ్ళదాకా బురద. పనిచేసే చోటే ఉంటారు, వీళ్ళకు ప్రయాణమేముంటుంది అనుకున్నాను. పేర్లు మాత్రం మేస్త్రీ దగ్గర రాసుకుని, మెయిన్‌రోడ్డు మీద హోటల్లో కూర్చుని, ఇరవైరెండు ఫారాలూ గంటన్నరలో నింపేశాను. అందరికీ ఒకటే జవాబు: పనిచోటు పక్కనే, ప్రయాణం లేదు. చేసింది తప్పని తెలుసు. అందరూ ఎక్కడో ఒకచోట చేస్తూనే ఉంటారని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

సాయంత్రం ఆయన ఆ కట్టను అటూ ఇటూ తిప్పి చూశారు.

"బో నీటుగా ఉండాయమ్మా. దినమంతా వాన. నా బస్సు పాసు కూడా నానిపోయె. నీ కాయితాల మీద ఒక్క బొట్టు ల్యా. యాడ కూసోని రాసితివి?"

"హోటల్లో సార్" అన్నాను.

"కాఫీ బాగుండెనా?" అని అడిగి, కట్టను సంచిలో పెట్టుకున్నారు. "రేపు పొద్దున అయిదుకంతా షెడ్లకాడికి వచ్చేయ్."

మరునాడు వెళ్ళేసరికి ఆయన అక్కడే ఉన్నారు. నిన్న తాళాలు వేసి ఉన్న షెడ్ల ముందు పొయ్యిలు మండుతున్నాయి. ఒక షెడ్డు ముందు నర్సమ్మ అనే పాలమూరు ఆవిడ టిఫిన్ డబ్బాలో అన్నం సర్దుతోంది. రోజూ ఎక్కడికి వెళ్తావని నేను అడిగాను. "ఏడికి పోతం బిడ్డా? ఏడికీ పోము. పనికే" అంది. మునివెంకటప్పగారు నా వైపు చూశారు. సిగ్గుతో తల దించుకుని, లేచిన దగ్గర్నుంచి అడిగాను.

నాలుగింటికి లేచి బోరు దగ్గరికి రెండుసార్లు నీళ్ళకు. ఆరింటికి కూలీలు నిలబడే అడ్డాకు నడక. మేస్త్రీ పిలిస్తే ట్రాలీ ఆటోలో సర్జాపుర దిక్కు. పిలవకపోతే బస్సెక్కి ఇంకో అడ్డా. అక్కడా పని దొరక్కపోతే బ్రూక్‌ఫీల్డ్‌లో రెండిళ్ళకు పాచిపనికి నడక. సాయంత్రం వస్తూ కట్టెపుల్లలు ఏరుకోవడం. ఫారంలో గళ్ళు చాలలేదు. ఆయన జేబులోంచి స్కేలు తీసి కింద ఇంకో నాలుగు గీతలు గీసిచ్చారు. నిండిన కాగితాన్ని నర్సమ్మ వంగి చూసింది. చదవడం రాదు, గీతలు మాత్రం లెక్కపెట్టుకుంది. "గింత తిరుగుతున్ననా నేను?" అంది. ఆ ముఖం చూస్తుంటే నా మీద నాకే అసహ్యం వేసింది.

బస్టాపులో ఆయన నిన్నటి కట్ట నా చేతికిచ్చారు.

"సాయంత్రానికి ఇవి ఆఫీసుకు పోవల్ల. ఇట్లే ఇస్తే సుమ్నే, ఊరికే తీసుకుంటారు, ఎవురూ చూడరు. మళ్ళా రాస్తే నాలుగు దినాలు పడ్తాది. ఎందుకు లేటని అడుగుతారు. నేను అబద్ధం చెప్పేది ల్యా."

"నా పేరు చెప్తారా సార్?"

"నీది నువ్వే చెప్పుకో."

"పని పోతుందా?"

"పోవచ్చు."

నేను ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు. తిట్టనూ లేదు. వచ్చే బస్సులు చూస్తూ, నేను చాలించేదాకా నిలబడ్డారు. చివరికి ఒక్కో ఫారం మీద అడ్డంగా 'రద్దు' అని రాసి, ఇరవైరెండూ ఆయన చేతికే తిరిగిచ్చాను. "ఆయ్తు, సరే" అని సంచిలో పెట్టుకున్నారు. నాలుగు రోజులూ తెల్లవారకముందే నాతోపాటు వచ్చారు.

ఆఫీసులో నా తప్పు నేనే చెప్పుకున్నాను. అబద్ధం రాసినందుకు పై అధికారికి కోపం రాలేదు, ఆలస్యమైనందుకు వచ్చింది. మూడు నెలలు పూర్తయ్యాక ఉంచుకున్నవాళ్ళ జాబితాలో నా పేరు లేదు. నాన్న కాళ్ళావేళ్ళా పడి గడువు పెంచుకున్నాను. పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ, కనిపించిన ఇంటర్వ్యూకల్లా వెళ్ళాను. మొదటి ఉద్యోగం ఎందుకు పోయిందని అడిగితే జరిగింది చెప్పాను. రెండుచోట్ల అందుకే వద్దన్నారు. మూడోచోట, అదీ ఇలాంటి సర్వేల ఆఫీసే, తీసుకున్నారు.

కొన్నాళ్ళకు మొదటి దశ మెట్రో మ్యాపు పేపర్లో వచ్చింది. మారతహళ్ళి ఊసే లేదు, మేం తిరిగిన రింగ్ రోడ్డూ లేదు. ఆ పేపరు పట్టుకుని నగరత్‌పేటకు పరిగెత్తాను. అప్పటికే ఆయన మంచం పట్టారు.

"చూడండి సార్, అంతా రాసిస్తే ఏం చేశారో! ఉద్యోగం పోగొట్టుకున్నది దీనికా?" అన్నాను కోపంగా.

ఆయన పేపరును కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసి మడిచారు.

"రైలు వేసేది మన చేతిలో ల్యామ్మా. రేపు ఎవురన్నా 'ఆడ జనాలే లేరు' అంటే, మన కాయితం చూపించి అనకూడదు. మన పని అంతే."

ఇప్పుడు ఆ రింగ్ రోడ్డు మీద మెట్రో స్తంభాలు లేచాయి. షెడ్లున్న చోట పెద్ద అపార్ట్‌మెంట్లున్నాయి. నర్సమ్మ ఎక్కడుందో నాకు తెలియదు. ఆ రైలు వచ్చేసరికి ఆమె ఈ ఊళ్ళో ఉంటుందన్న నమ్మకమూ లేదు.

ఇప్పుడు సర్వే ఫారాల మీద సంతకం పెట్టేది నేనే. 'ప్రయాణం లేదు' అని కనిపిస్తే చెయ్యి కదలదు. ఆఫీసులో నాకు చాదస్తమని పేరు. నిజం చెప్పాలంటే, ఒక్కోరోజు ఆయన మీద గొప్ప కోపం వస్తుంది. అందరిలా సంతకం గీకేసి పెందలాడే ఇంటికి పోదామంటే పోనివ్వని మనిషి ఆయన. ఆ కోపంతోనే పెన్నుకు మూత పెట్టి, ఫారం మీది చిరునామా వెతుక్కుంటూ నేనే బయల్దేరతాను.